చిన్నవ్వ నేర్పిన ఇంగ్లీషు

పోయిన నెల మోకాళ్లు చూపించుకుందామని కరీంనగర్‌లో ఒక పెద్ద దవాఖానకు పోయి, చీటీ తీసుకుని వరుసలో కూర్చున్నాను. పక్క కుర్చీలో ఒక ముసలమ్మ కాలు బార చాపుకుని కూర్చుంది. నీలం బట్టల నర్సు పిల్ల ఒకతి పలకలాంటి ఫోను పట్టుకుని వచ్చి ఎక్కడ నొస్తుందమ్మా అని అడిగింది. "నొచ్చుడు గాదు బిడ్డా, సలుపుతుంది. కూసున్నా సలుపుడే, పండుకున్నా సలుపుడే" అన్నది ముసలమ్మ. ఆ పిల్ల పెయిన్ అని ఒక్క ముక్క కొట్టుకుని లేవబోయింది. ముప్పై అయిదేండ్లు నర్సు కొలువు చేసిన నోరు ఊరుకుంటుందా! ఉత్త పెయిన్ అని రాస్తే చాలదు బిడ్డా, త్రాబింగ్ పెయిన్ అని రాయి, అప్పుడు డాక్టరుకు తెలుస్తుంది అన్నాను. ఆ పిల్ల నా నేత చీర దిక్కు, తెల్ల వెంట్రుకల దిక్కు చూసి, ఆంటీ మీరు కాన్వెంటులో చదివారా అని అడిగింది. లేదు, సిరిసిల్ల సర్కారు బడి, తెలుగు మీడియం అన్నాను. మరి ఇంగ్లీషు ఎవరు నేర్పించారన్నది. మా చిన్నవ్వ అన్నాను. చిన్నవ్వ టీచరా అన్నది. కాదు, వార్డు ఆయా, చదువు రాదు అన్నాను. నవ్వాలో వద్దో తెలియక ఆ పిల్ల నిలబడిపోయింది. అంతలో లోపలి నుంచి పిలుపు వచ్చి వెళ్లిపోయింది. నా వంతు వచ్చేసరికి గంటన్నర పట్టింది. ఆ గంటన్నరా చిన్నవ్వే కండ్ల ముందు తిరిగింది.

బాపు సిరిసిల్లలో సాంచె నడిపేవాడు. మా దిక్కు మరమగ్గాన్ని సాంచె అంటాం, నాన్నను బాపు, అమ్మను అవ్వ అంటాం. అవ్వ నూలు కండెలు చుట్టేది. మా వాడలో పొద్దు పొడిచినప్పటి నుంచి సాంచెల చప్పుడు ఎంత ఉండేదంటే, పక్కింటామెను ఉప్పు అడగాలన్నా ఊరవతలి మనిషిని పిలిచినట్టు అరవాల్సిందే. అందుకే మా వాడ వాళ్లందరికీ గొంతు పెద్దది. పెండ్లిళ్లకు పోతే, మేము మామూలుగా మాట్లాడుకుంటుంటే కొట్లాట అనుకుని చుట్టాలు పరుగెత్తుకొచ్చేవాళ్లు. నేను ఆరో తరగతిలో ఉండగా ఏబీసీడీలు మొదలుపెట్టారు. అది అరవై తొమ్మిది. తెలంగాణ ఉద్యమంలో బడులన్నీ బందు. అక్షరాలు సగం వరకు వచ్చి ఆగిపోయి, మళ్లీ తెరిచినప్పుడు సారు ముందు వచ్చినవే మళ్లీ మొదలుపెట్టాడు. అందుకని ఇప్పటికీ డిక్షనరీలో మొదటి సగం అక్షరాలు దొరికినంత సులువుగా రెండో సగం దొరకవు నాకు. ఆ తర్వాత ఇంగ్లీషంటే వ్యాసాలు బట్టీ పట్టడమే. ఆవు మీద ఒకటి, పోస్ట్‌మ్యాన్ మీద ఒకటి, రైలు ప్రయాణం మీద ఒకటి. కండ్లు మూసుకుని అప్పజెప్పేదాన్ని. పదో తరగతి ఫస్టు క్లాసులో పాసయ్యాను. ఇంగ్లీషులో మార్కులు మంచిగానే వచ్చాయి. నాకు ఇంగ్లీషు వచ్చు అని మా వాడంతా నమ్మింది. అందరికంటే ఎక్కువ నమ్మింది నేను.

నర్సు ట్రైనింగుకు దరఖాస్తు పెట్టింది ఆ నమ్మకంతోనే. ఆ బడి పేరు చెప్పను. అక్కడ జరిగినదాంట్లో తప్పు వాళ్లది కాదు, నాది. నేర్పించే వాళ్లలో సగంమంది బయటి దేశాల వాళ్లు కాబట్టి ఇంగ్లీషులో నాలుగు మాటలు మాట్లాడగలిగిన వాళ్లనే చేర్చుకునేవాళ్లు. బల్ల అవతల ఒక తెల్లావిడ, పక్కన మన దేశపు డాక్టరు ఒకాయన కూర్చున్నారు. తెల్లావిడ చాలా మెత్తగా, హౌ డిడ్ యూ కమ్ హియర్ అని అడిగింది. నాకు వినబడింది కమ్ హియర్ ఒక్కటే. రమ్మంటుంది కాబోలు అనుకుని రెండడుగులు ముందుకేశాను. ఆమె మళ్లీ అడిగింది. ఇంకో రెండడుగులు వేశాను. మూడోసారి అడిగేసరికి బల్ల చుట్టూ తిరిగి ఆమె కుర్చీ పక్కకు చేరుకున్నాను. డాక్టరు చేత్తో మూతి దాచుకున్నాడు. అప్పటికి నాకు తట్టింది, ప్రయాణం సంగతి అడుగుతున్నారని. వెంటనే రైలు ప్రయాణం వ్యాసం ఎత్తుకున్నాను, సాంచెల మధ్య పెరిగిన గొంతుతో, కిటికీ తలుపులు అదిరేటట్టు. నేను వచ్చింది బస్సులో. అప్పటిదాకా రైలు ఎక్కింది లేదు. వాళ్లు పాపం నడుమ ఆపలేదు, చివరి వాక్యం దాకా విన్నారు. తర్వాత డాక్టరు తెలుగులో, మంచిగా నేర్చుకుని వచ్చే ఏడు రామ్మా అన్నాడు.

ఇంటికొచ్చి మూడు రోజులు అన్నం ముట్టలేదు. నాలుగో రోజు బాపు సాంచె ఆపి వచ్చి, ఏం చేద్దామనుకుంటున్నవని అడిగాడు. సాంచె ఆగిందంటే ఆ మాటకు అంత విలువ ఉన్నట్టు. వచ్చే ఏడు మళ్లీ పోతానన్నాను. ఎట్ల పోతవ్, నోరు లేస్తలేదు గద అన్నాడు. అప్పుడు అవ్వ కండె చుట్టుకుంటూనే, తన చెల్లెలి దగ్గరికి పంపుదామన్నది. బాపు నవ్వాడు. నేనూ నవ్వాను. అవ్వ నవ్వలేదు. "దానికి అచ్చరం రాదు, ఇంగిలీషు వచ్చు. నీకు అచ్చరం వచ్చు, ఇంగిలీషు రాదు. పోయి కలువుండ్రి" అన్నది.

మా చిన్నవ్వ గోదావరి అవతల, ఆదిలాబాదు జిల్లాలో ఒక చిన్న ఊరిలో, మిషన్ దవాఖానలో ఆయాగా చేసేది. ఆమె అక్కడికి కొలువుకని పోలేదు. పెండ్లయిన ఆరేండ్లకు మా చిన్నాయనకు టీబీ పట్టుకుంది. నేత పనిచేసే ఇండ్లలో దుమ్మూ పోగులూ మింగి మింగి చాలామందికి పట్టుకునేదే. ఆ దవాఖానలో మందు మంచిదని విని చేర్చింది. అక్కడ పెద్ద డాక్టరు ఇంకో తెల్లావిడ. ఊళ్లోవాళ్లు ఆమెను దొరసాని అనేవాళ్లు. ఆమెకు తెలుగు రాదు. కంపౌండరు దుబాసీ పని చేసేవాడు. చెడ్డవాడు కాదు, కానీ పనెక్కువ, ఓపిక తక్కువ. చిన్నాయన మంచం పక్కన దొరసాని ఇంతసేపు మాట్లాడితే, కంపౌండరు చిన్నవ్వ దిక్కు తిరిగి "ఏం ఫికర్ లేదు" అని మూడు ముక్కల్లో తేల్చేసేవాడు. అంత పొడుగు మాట ఇంత పొట్టిగా ఎట్లయిందని చిన్నవ్వకు అనుమానం వచ్చింది. మగనికి ఏమవుతుందో తనకు నేరుగా తెలియాలని పట్టుబట్టింది. పట్టంటే మామూలు పట్టు కాదు. దొరసాని నోట్లోంచి వచ్చిన చప్పుళ్లలో రెండు మూడింటిని పట్టుకుని, దోసిట్లో నీళ్లు ఒలకకుండా తీసుకుపోయినట్టు నోట్లోనే అనుకుంటూ వంటకొట్టం దాకా పోయేది. అక్కడి ముసలి వంటాయన పాత రోజుల్లో ఇంగ్లీషు దొరల ఇంట్లో వండినవాడు. ఆయన ముందర ఆ చప్పుళ్లను దించేది. ఆయన అర్థం చెప్పేవాడు. స్లీప్ అంటే నిద్ర. బ్లడ్ అంటే నెత్తురు. అట్లా ఎనిమిది నెలలు. ఒకనాడు ఆమె దించిన చప్పుడు టూ లేట్. వంటాయన గరిటె పక్కన పెట్టి, ఎవరి గురించి అన్నదమ్మా అని అడిగాడట. చిన్నవ్వ ఇంక అర్థం అడగలేదు.

చిన్నాయన పోయినంక అందరూ ఆమెను సిరిసిల్ల తిరిగి రమ్మన్నారు. ఆమె రాలేదు. అదే వార్డులో ఆయాగా కుదిరింది. ఎందుకట్ల చేసినవ్, ఆ మంచం రోజూ చూసుకుంట ఎట్ల ఉన్నవని నేను ఒకసారి అడిగాను. "మీ చిన్నాయన ముచ్చట నాకంటె ముందుగాల కంపౌండరుకు ఎర్కయింది. ఇంకొకలకు గట్ల కావద్దనుకున్న" అన్నది. ఆ తర్వాత అయిదేండ్లలో ఆమె ఆ వార్డుకు దుబాసీ అయింది. కంపౌండరు కూడా బతికిపోయినమన్నాడు. వచ్చే రోగుల్లో కొందరిది మరాఠీ కలిసిన తెలుగు, కొందరిది ఉత్త మరాఠీ, అడవి ఊళ్ల నుంచి వచ్చేవాళ్లది గోండి. అవన్నీ చిన్నవ్వ చెవిలో పడి, ఇంగ్లీషై బయటికి వచ్చేవి.

నేను ట్రంకు పెట్టె నిండా పుస్తకాలు పెట్టుకుని బస్సు దిగాను. గ్రామరు పుస్తకం, గైడు, నాలుగు నోటుబుక్కులు. చిన్నవ్వ దవాఖాన వెనక రేకుల గదిలో ఉండేది. నన్ను చూసి మురిసిపోయి, కాళ్లకు నీళ్లిచ్చి, పెట్టె తీసి చూసి, పుస్తకాలన్నీ మంచం కిందికి తోసింది. నోటుబుక్కు ఒక్కటన్నా ఉంచుకుంటానంటే వినలేదు. "రాసుకుంటే నోరు పండుకుంటది" అన్నది. తెల్లారి నుంచి కట్టడి మొదలైంది. దవాఖాన పొద్దుటి గంట కొట్టినప్పటి నుంచి మధ్యాహ్నం అన్నం తినేదాకా మా ఇద్దరి మధ్య తెలుగు బందు. మొదటి రోజు నేను ఆకలికి సచ్చాను. బువ్వ గిన్నె ముందర పెట్టుకుని కూర్చుని, నేను అడిగేదాకా పెట్టదు. రైస్ అన్నాను. వినబడనట్టు కూర్చుంది. గివ్ రైస్ అన్నాను. తల అడ్డంగా ఊపింది. ప్లీజ్ గివ్ మి సమ్ రైస్ అని ఆమే అని, నాతో అనిపించి, అప్పుడు పెట్టింది. ఇంకొంచెం కావాలంటే ఎ లిటిల్ మోర్. చాలు అంటే ఎనఫ్, థ్యాంక్యూ. ఎనఫ్ అన్న మాట ఆ పూట గుర్తుకు రాక, నేను రెండు గరిటెల అన్నం ఎక్కువ తిన్నాను.

ప్లీజ్ అంటే చిన్నవ్వకు ప్రాణం. ఆ మాటను ఆమె ఉత్త మర్యాద కింద చూడలేదు. ఒకనాడు బావి దగ్గర బట్టలు పిండుతూ చెప్పింది. చిన్నప్పుడు వాళ్ల ఊరినేలే దొర గడీకి పోయి ఏమన్నా అడగాలంటే ముందు చెప్పులిడిచి, వంగి, "నీ బాంచెన్ దొరా, కాల్మొక్త" అని, అప్పుడు నోరు తెరవాలి. "గీ ప్లీజ్ అన్న మాట జూడు బిడ్డా, ఎంత చిన్నగున్నది. కాళ్లు మొక్కకుంట నిలవడి అడుగొచ్చు. దొరసాని నన్ను బెడ్‌ప్యాన్ తెమ్మన్నా ప్లీజ్ అనే అంటది. గిట్ల నన్ను ఎవ్వలు అడగలే" అన్నది. యూ అన్న మాట కూడా అట్లాగే నచ్చింది ఆమెకు. దొరసానికీ యూ, ఆయాకూ యూ, గేటు కాడి వాచ్‌మన్‌కూ యూ. నువ్వా, మీరా అని సోచాయించే పని లేదు అనేది. నేను గ్రామరులో సెకండ్ పర్సన్ అని బట్టీ పట్టిన ఆ మాటలో ఇంత ముచ్చట ఉందని ఏ సారూ చెప్పలేదు.

ఇంగ్లీషులో ఊరికే అనే మాటలు కొన్ని ఉంటాయి. లెట్ మి సీ, ఐ సీ, నెవర్ మైండ్, వన్ మినిట్. చిన్నవ్వ లెక్కలో అసలు భాష అదే. జవాబు తోచకపోతే ముందు లెట్ మి సీ అనాలి, ఆ లోపల జవాబు తయారవుతుంది. అవతలి మనిషి ఏదో చెప్తుంటే నడుమ ఐ సీ అనాలి, లేకపోతే వింటలేదనుకుంటారు. అర్థం కాకపోతే సిగ్గుపడి తల ఊపొద్దు, ప్లీజ్ సే ఇట్ అగేన్ అనాలి. తల ఊపుడుతోనే మనుషులు సస్తరని ఆమె నమ్మకం. ఈ మాటలు ఆమెకు ఎంత అలవాటంటే, వారం సంతలో వంకాయలమ్మే ముసలమ్మతో కూడా ఐ సీ అనేది. ఆ ముసలమ్మ మురిసిపోయి కొసరు రెండు వంకాయలు వేసేది, అదేదో దీవెన అనుకుని.

నన్ను బకీటు పట్టుకుని తన వెంట వార్డులో తిప్పుకునేది. నేను ఫినాయిలు నీళ్లు పోస్తుంటే ఆమె తుడుస్తూ, ఎదురొచ్చిన ప్రతిదానికీ ఒక వాక్యం చెప్పేది. పేరు చెప్తే చాలదు, వాక్యం కావాలి. పరదా కనబడితే కర్టెన్ అనొద్దు, ప్లీజ్ పుల్ ద కర్టెన్ అనాలి. మాటలు ఒంటరిగా ఉంటే ఎగిరిపోతయ్, ఒకదానికొకటి కట్టి ఉంచాలె అనేది. నేతింటి ఆడిది, పోగుల ముచ్చట ఎట్ల మరిచిపోతుంది. అన్నింటికంటే ఎక్కువ కష్టపెట్టింది నొప్పులు. మన దగ్గర నొప్పికి ఎన్ని పేర్లు! మంట, పోటు, సలుపు, తీపు, గుంజుడు, పీకుడు. వీటన్నింటినీ కంపౌండరు పెయిన్ అనే ఒక్క సంచిలో వేసేవాడు. చిన్నవ్వ ఒప్పుకోలేదు. సలుపుడును దొరసానికి చెప్పడానికి ఆమె పడ్డ పాట్లు తనే చెప్పి నవ్వేది. పిడికిలి బిగించి, వదిలి, బిగించి, వదిలి చూపించిందట. దొరసాని మొదట గుండె అనుకున్నది, తర్వాత ముద్దలు కలపడం అనుకున్నది. చివరికి చిన్నవ్వ తన పంటిని చూపించి, అదే పిడికిలి మళ్లీ చూపించింది. ఓ, త్రాబింగ్, అని దొరసాని ఎగిరి గంతేసినంత పని చేసింది. ఆ రోజు నుంచి దొరసాని కూడా రోగుల దగ్గర సలుపుతుందా అని తెలుగులోనే అడిగేది. ఇచ్చిపుచ్చుకున్నారన్నమాట.

నాకు వాక్యాలు వచ్చాయి గానీ మనుషుల ముందర నోరు లేవలేదు. చిన్నవ్వతో గలగలా మాట్లాడేదాన్ని, దొరసాని కనబడితే స్తంభం చాటుకు పోయేదాన్ని. రెండు నెలలు అట్లాగే గడిచాయి. ఒకనాడు పొద్దున దొరసాని రౌండుకు వచ్చేవేళకు చిన్నవ్వ గొంతుకు గుడ్డ చుట్టుకుని, గొంతు పోయిందని సైగ చేసి, నన్ను ముందుకు తోసింది. మంచం మీద ఒక గోండు ముసలావిడ. ఆమె మనుమరాలు తెలుగులో చెప్తుంది, నేను ఇంగ్లీషులో చెప్పాలి. దొరసాని నా మొహంలోకి చూస్తూ నిలబడింది. రైలు ప్రయాణం వ్యాసం నాలుక చివరిదాకా వచ్చింది. పండ్లు బిగబట్టి దాన్ని మింగేశాను. లెట్ మి సీ అన్నాను. అన్నాక నిజంగానే ఊపిరి పీల్చుకునే జాగా దొరికింది. షి కెనాట్ ఈట్, డాక్టర్. ఫ్రమ్ త్రీ డేస్. బర్నింగ్ పెయిన్, హియర్. దొరసాని ఐ సీ అన్నది. ఇంకో ప్రశ్న అడిగింది, అదీ చెప్పాను. గొంతు పెద్దగా లేస్తుంటే వెనక నుంచి చిన్నవ్వ నా జడ గుంజింది, అంటే మెల్లగ అని. దొరసాని పక్క మంచానికి పోయినంక చూస్తే చిన్నవ్వ గొంతుకు గుడ్డ లేదు. గొంతు ఎప్పుడు వచ్చిందంటే, ఇప్పుడే అన్నది. ఆ రోజు నుంచి రోజుకు పదిమందితో పది మాటలు మాట్లాడేదాకా బువ్వ తిననని నాకు నేనే కట్టడి పెట్టుకున్నాను. వినేవాళ్లు దొరకని రోజు దవాఖాన బర్రెతో మాట్లాడాను. అది ఎప్పుడూ ప్లీజ్ సే ఇట్ అగేన్ అనలేదు.

ఏడాది తిరిగింది. ఇంటర్వ్యూకు చిన్నవ్వే నన్ను తీసుకుపోయింది. ఉన్నదాంట్లో మంచి చీర కట్టుకుంది. అయినా పాదాలు ఫినాయిలు నీళ్లకు పగిలిన పాదాలే. చేతులు ఎంత కడిగినా వార్డు వాసన పోదు. వరండాలో బల్ల మీద కూర్చున్నాం. మా ముందు ఒక కాన్వెంటు పిల్ల, వాళ్ల నాయన పెద్ద ఆఫీసరట, చేతికి గడియారం, కాళ్లకు బూట్లు. ఆ పిల్ల చిన్నవ్వ పాదాల దిక్కు ఒకసారి చూసి చూపు తిప్పుకుంది. అంతే జరిగింది. నా పేరు పిలిచారు. తలుపుకు పరదా తప్ప అడ్డం లేదు. చిన్నవ్వ కూర్చున్న బల్ల ఆ పరదాకు నాలుగడుగుల దూరం.

అదే తెల్లావిడ, అదే డాక్టరు. ఎట్లా వచ్చావని ఆమె అడిగితే బస్సులో వచ్చానన్నాను. ఎందుకు నర్సు కావాలనుకుంటున్నావని అడిగితే లెట్ మి సీ అని ఊపిరి పీల్చుకుని నాలుగు వాక్యాలు చెప్పాను. డాక్టరు రోగి లాగా నటించి ఏదో బాధ చెప్పాడు. ఎక్కడ, ఎప్పటి నుంచి, మంటా పోటా అని నేను వరుసగా అడుగుతుంటే ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పోయిన ఏడు వచ్చిన పిల్లవు నువ్వేనా అని తెల్లావిడ ఆశ్చర్యపోయింది. ఆ తర్వాత నవ్వుతూ అడిగింది, నీకు ఇంత మంచి ఇంగ్లీషు ఎవరు నేర్పారని. మా చిన్నవ్వ, ఆయా, అనడానికి నోరు తెరిచాను. ఆ కాన్వెంటు పిల్ల చూపు కండ్ల ముందర మెదిలింది. ఆయా నేర్పిందంటే ఇది వార్డు తుడిచే ఇంగ్లీషని అనుకుంటారేమో, అంచుదాకా వచ్చిన సీటు పోతుందేమో అనిపించింది. మై స్కూల్ టీచర్, హి టీచ్‌డ్ మి, అన్నాను. యూ హ్యాడ్ ఎ గుడ్ టీచర్ అన్నది ఆమె. థ్యాంక్యూ అన్నాను.

పరదా తీసి బయటికి వచ్చినప్పుడు నాకు గుర్తుకొచ్చింది, ఈ పరదా అవతల కూర్చున్న మనిషికి లోపలి మాటలన్నీ అర్థమవుతాయని. తన గురించి ఎవరు ఏమన్నా తనకు నేరుగా తెలియాలని ఏండ్ల కొద్ది కూడబెట్టుకున్న భాష అది. చిన్నవ్వ మొహం మామూలుగానే ఉంది. సంచిలోంచి నీళ్ల సీసా తీసి ఇచ్చింది. బస్సెక్కినంక చాలాసేపు కిటికీలోంచి బయటికి చూసింది. నేను కొంగు అంచు చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చున్నాను. గోదావరి కనబడుతుండగా ఇటు తిరిగింది.

"అన్ని మంచిగ చెప్పినవ్ బిడ్డా. ఒక్కటే తప్పు వోయింది."

ఏందన్నట్టు చూశాను.

"టీచ్‌డ్ అన్నవ్. గట్ల అనరు. టాట్ అంటరు. షి టాట్ మి, హి టాట్ మి. దొరసాని ఎప్పుడు గట్లనే అంటది."

అంతే అన్నది. మళ్లీ కిటికీ దిక్కు తిరిగింది. ఆ తర్వాత ఆ ముచ్చట ఆమె నోట ఎన్నడూ రాలేదు.

సీటు వచ్చింది. మూడున్నరేండ్ల ట్రైనింగు. ఆ మూడున్నరేండ్లూ నేను చెప్పిన అబద్ధం నా లోపల ముల్లులా ఉండిపోయింది. ఉత్తరం రాసి తప్పు ఒప్పుకుందామంటే ఆమెకు చదువు రాదు, ఎవరితోనో చదివించుకోవాలి. ఆమెకు తప్ప ఇంకెవరికీ చెప్పరాని మాట అది. సెలవులకు పోయినప్పుడు ఎదురుగా కూర్చుని మొదలుపెడితే, ఆమె సూది ఎట్ల వేస్తున్నవ్, కొత్త మందులకు పేర్లేంది అని ఇంగ్లీషులోనే అడిగి ముచ్చట మళ్లించేది. కావాలనే మళ్లించేదని ఇప్పుడనిపిస్తుంది. చివరి ఏడాదికి నాకొకటి అర్థమైంది. చాటుగా ఆమె చెవిలో చెప్తే ఆ తప్పు తీరదు. ఎట్లాంటి వాళ్ల ముందు దాచానో అట్లాంటి వాళ్ల ముందే, పెద్ద డాక్టరు ముందే, ఆమె వింటుండగా చెప్పాలి. అది చెప్పకుండా నర్సు టోపీ పెట్టుకున్నా ఒకటే, పెట్టుకోకున్నా ఒకటే అనుకున్నాను. పట్నంలో పెద్ద దవాఖానలో కొలువు వస్తుంటే వద్దని, గోదావరి అవతలి ఆ చిన్న దవాఖానకే పోతానని రాసిచ్చాను. తోటి పిల్లలు నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు.

నేను చేరేనాటికి దొరసాని ఆమె దేశానికి వెళ్లిపోయింది. కేరళ నుంచి కొత్త డాక్టరు వచ్చాడు, తెలుగు ముక్క రాదు. మొదటి రోజు పొద్దుటి రౌండు. తెల్ల బట్టలు, తల మీద టోపీ, చేతిలో కాగితాల అట్ట. చిన్నవ్వ వార్డు ఆ చివర బకీటు పెట్టుకుని తుడుస్తూ ఉంది. నన్ను చూసి చూడనట్టే ఉంది. కొలువులో ఉన్నప్పుడు చుట్టరికాలు ఆమెకు గిట్టవు. మూడో మంచం దగ్గర నేను రోగి చెప్పినదంతా ఇంగ్లీషులో చెప్పేసరికి, డాక్టరు సంతోషించి, సిస్టర్, యువర్ ఇంగ్లీష్ ఈజ్ వెరీ గుడ్ అన్నాడు. ఎక్కడ నేర్చుకున్నావని ఆయన అడగలేదు. అడిగేదాకా ఆగితే ఇంకెన్ని ఏండ్లు పడుతుందో అనిపించింది. నేను చిన్నవ్వ దిక్కు తిరిగి, చేత్తో చూపించి, మా వాడ గొంతుతో, వార్డు ఆ చివరిదాకా వినబడేటట్టు అన్నాను.

"డాక్టర్, దట్ ఈజ్ మై ఆంట్. షి టాట్ మి ఇంగ్లీష్."

డాక్టరు ముందు నమ్మలేదు, తర్వాత రెండు చేతులూ జోడించి ఆమెకు దండం పెట్టాడు. చిన్నవ్వ తుడిచే చేయి ఆగింది. లేచి నిలబడింది. నా దిక్కు చూడకుండా, ఆయన దిక్కే చూస్తూ, "ఫ్లోర్ ఈజ్ వెట్, డాక్టర్. ప్లీజ్ వాక్ స్లోలీ" అన్నది. మళ్లీ వంగి, అప్పుడే తుడిచిన జాగానే మరోసారి తుడిచింది. ఆ మధ్యాహ్నం బువ్వ పెడుతూ కూడా ఆ సంగతి ఎత్తలేదు. నేను చాలన్నా వినకుండా ఇంకో గరిటె వేసింది.

పంతొమ్మిదివందల తొంభైల దాకా ఆమె ఆ వార్డులోనే చేసింది. కొత్తగా వచ్చే నర్సు పిల్లలు, నోరు లేవని వాళ్లు, పొద్దున బకీటు పట్టుకుని ఆమె వెంట తిరగడం ఆ దవాఖానలో ఒక రివాజు అయిపోయింది. వాళ్లకు ఆమె ఎన్ని వేల వాక్యాలు నేర్పిందో తెలియదు. నాకు నేర్పినవాటిలో మాత్రం అన్నింటికంటే కష్టమైంది షి టాట్ మి అన్న ఆ మూడు మాటలదే. దాన్ని తప్పు లేకుండా అనడానికి నాకు మూడున్నరేండ్లు పట్టింది. చిన్నవ్వ ఆ మూడున్నరేండ్లలో ఒక్కనాడు కూడా నన్ను తొందరపెట్టలేదు.